మూడు శ్వాసల సర్టిఫికెట్

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. జీతం చీటీ మీద నెలనెలా అచ్చవుతుంది కూడా. కానీ తొంభై ఆరు గదుల ఆ హోటల్లో ఆయన్ని పంతొమ్మిదేళ్లుగా అందరూ ‘ముక్కు గారు’ అనే అంటున్నారు. అందులో ‘గారు’ ముక్కుకు దక్కిన మర్యాద. మనిషికి దక్కింది ముక్కు వెనకాల నడిచే భాగ్యం.

గది తలుపు తీసి గుమ్మంలో నిలబడితే చాలు, నిన్నటి అతిథి తాగింది సిగరెట్టా చుట్టా, కిటికీ దగ్గర తాగాడా, స్నానాలగదిలో దాక్కుని తువ్వాలుతో విసురుకుంటూ తాగాడా అన్నీ చెప్పేస్తాడు. ఒకసారి ఒక పెద్దమనిషి తానసలు పొగ తాగనని పిల్లల మీద ఒట్టు పెట్టబోతే, “పిల్లల జోలికి పోకండి సార్, దిండు కింద వెతకండి చాలు” అన్నాడు. దిండు కింద సగం పెట్టె దొరికింది. ఆ తీర్పులకు అప్పీలు లేదు.

నాలుగేళ్ల కిందట ఆయనకు సహాయంగా హోటల్‌కి ఒక యంత్రం వచ్చింది. చిన్న సూట్‌కేసంత ఉంటుంది. ముందు జల్లెడ, వెనక ఫ్యాను, పైన సమయం పెట్టుకునే బిళ్ల. స్విచ్ వేస్తే గాలిలోంచి ఓజోన్ తయారు చేసి గదిలోకి వదులుతుంది. ఆ ఓజోన్ పరదాల్లో, పరుపుల్లో దాక్కున్న కంపును పట్టుకుని కాల్చి చంపుతుంది. పని అయ్యాక గదిలో పిడుగు పడ్డ తర్వాతి గాలి వాసన మిగులుతుంది. హోటల్లో అందరూ దాన్ని ‘పెట్టె’ అంటారు. అలాంటిదే ఇంకోటి అవసరానికి ఉంటుందని స్టోర్సులో పడేశారు. దాని మూత మీద కంపెనీవాళ్లు రెండు వాక్యాలు అచ్చు వేశారు. గంట సేపు నడపాలి అన్నది మొదటిది. ఆగిన తర్వాత రెండు గంటల దాకా ఎవరూ లోపలికి వెళ్లకూడదు అన్నది రెండోది. ఈ రెండోదాని మీద స్టోర్స్ విభాగం వాళ్లు సరిగ్గా కొలిచినట్టు ‘హోటల్ ఆస్తి, నంబరు 41’ అని స్టిక్కరు అంటించారు. అంటించక ముందు ముక్కు గారు ఆ వాక్యం చదివాడు. మరిచిపోలేదు కూడా. అది బలహీనుల కోసం రాసిందని అనుకున్నాడు, అంతే.

రెండు గంటలు ఆగడానికి హోటల్‌కి తీరిక ఎక్కడిది? కింద అతిథి సూట్‌కేసు మీద కూర్చుని గడియారం చూసుకుంటూ ఉంటాడు. అందుకని ఒక ఆచారం ఏర్పడింది. పెట్టె ఆగిన ఇరవై నిమిషాలకు ముక్కు గారు ఒక్కడే లోపలికి వెళ్లి, తలుపు వేసుకుని, గుండెల నిండా మూడు శ్వాసలు పీలుస్తాడు. మొదటిది పరదాలకు, రెండోది తివాచీకి, మూడోది యాజమాన్యానికి. తర్వాత బయటికి వచ్చి బోర్డు మీద గది నంబరు పక్కన ‘పాస్’ అని రాస్తాడు. ఆయన రాయందే తాళంచెవి కదలదు. ఈ ఆచారం గురించి మేనేజరు అతిథులకు గర్వంగా చెప్పుకునేవాడు.

ఇంత వైభవంలోనూ ఒక చిన్న ఇబ్బంది ఉండేది. సోమవారాల్లో దగ్గు.

ఆదివారం ఇంట్లో హాయిగా ఉండి, సోమవారం రెండు గదులు పాస్ చేసేసరికి గొంతులో గరుకు, రొమ్ము వెనకాల ఎవరో గోరుతో గీస్తున్నట్టు మంట. గట్టిగా పీలిస్తే గాలి ముప్పాతిక దారిలోనే ఆగిపోయి దగ్గుగా వెనక్కి వచ్చేది. మంగళవారం ఇంకాస్త ఎక్కువ. బుధవారం తగ్గుముఖం. గురువారానికి దగ్గూ లేదు, మంటా లేదు, మనిషి మళ్లీ పెళ్లికొడుకు.

ఆయన భార్య టైలరు. ముందుగదిలో మోటారు మిషను పెట్టుకుని చొక్కాలు, కోట్లు కుడుతుంది. మాటల మీద ఆవిడకు నమ్మకం లేదు, టేపు మీద ఉంది. ఒక సోమవారం సాయంత్రం ఆయన్ని నిలబెట్టి ఛాతీ చుట్టూ టేపు వేసింది.

“పీల్చండి.”

“పీల్చాను.”

“ఇదా పీల్చడం? గుండీ కూడా కదల్లేదు. ఇంకా.”

ఆయన ఇంకా పీల్చబోయి దగ్గాడు.

“వదిలితే ముప్పై ఏడు, పీలిస్తే ముప్పై ఎనిమిది,” అని ఆవిడ కొలతల పుస్తకంలో రాసుకుంది. “కిందటేడు ముప్పై తొమ్మిది దాకా వచ్చేది మీకు. ఒక అంగుళం ఏం చేశారు?”

“ఎక్కడికి పోతుందే? గురువారం కొలువు, అదే వస్తుంది.”

గురువారం కొలిస్తే నిజంగానే ముప్పై తొమ్మిది వచ్చింది. ఆవిడ టేపును రెండు వైపులా తిప్పి చూసింది, సాగిందేమోనని. సాగలేదు.

ఈ సాక్ష్యాధారాలన్నీ ముందు పెట్టుకుని ముక్కు గారు ఒక సిద్ధాంతం తయారు చేశాడు. ఊపిరితిత్తులు కూడా ఉద్యోగస్తుల లాంటివే. ఒక్కరోజు సెలవిస్తే ఒళ్లు బద్ధకించి, సోమవారం పనిలోకి రమ్మంటే సణుగుతాయి. నాలుగు రోజులు లొంగదీస్తే దారికి వస్తాయి. కాబట్టి జబ్బు పనిలో లేదు, సెలవులో ఉంది.

“అయితే ఆదివారాలు మానేస్తారా?” అంది భార్య.

“మానేస్తే మందు ఖర్చు కూడా ఉండదు.”

“బాగుంది. కాలు నొప్పిగా ఉందని పరుగు పందెంలో చేరినట్టుంది.”

ఆయన ఆదివారాలు మానేశాడు. దగ్గు కూడా మానేసింది. పదకొండు వారాల పాటు ఒక్క సోమవారం కూడా దగ్గలేదు. మేనేజరు పొంగిపోయి ‘ఆదర్శ ఉద్యోగి’ అని ఆయన ఫొటో లిఫ్టు పక్కన తగిలించాడు. సిద్ధాంతం రుజువైంది. ఒక్క మెట్ల దగ్గరే చిన్న తేడా వచ్చింది. వాళ్ల ఇల్లు మూడో అంతస్తు. రెండో అంతస్తు మలుపులో ఆయన చెప్పు సరిచేసుకోవడానికి ఆగడం మొదలుపెట్టాడు.

“ఆ చెప్పులకు పట్టీయే లేదు కదండీ, ఏం సరిచేస్తున్నారు?” అని పైనుంచి భార్య అడిగేది. ఆయన జవాబు చెప్పేవాడు కాదు. జవాబుకు కూడా ఊపిరి కావాలి.

వాళ్లకు ఒక్కతే కూతురు. బడిలో లెక్కలు చెబుతుంది. ఆరో ఏట నుంచి ఉబ్బసం. బ్యాగులో పుస్తకాలకంటే ముందు ఇన్‌హేలర్ సర్దుకునే పిల్ల. పొద్దున్నే ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టంలోకి ఫూ అని ఊది, ముల్లు ఎక్కడ ఆగితే ఆ అంకె పటంలో రాసుకోవడం ఆ అమ్మాయి అలవాటు. మామూలు రోజుల్లో మూడువందల ఎనభై. ఆమె గది వెనకవైపు ఉంది. గోడలో ఎక్కడో నీళ్ల పైపు చెమ్మగిల్లి, గదంతా తడి గుడ్డ కంపు. ఈ మధ్య అంకె మూడువందల అరవైకి దిగడం మొదలైంది.

ముక్కు గారికి ఇది తలకొట్టేసినట్టుండేది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, అదీ సంగతి. తొంభై ఆరు గదులను పాస్ చేసే మనిషి సొంత ఇంట్లో ఒక్క గదిని పాస్ చేయలేకపోవడమా? హోటల్లో అడిగి ఒక శనివారం పెట్టెను ఇంటికి తెచ్చాడు.

“నాన్నా, ఇది పీల్చచ్చా?” అంది కూతురు, బస్సుకు వేళవుతుంటే బూట్లు వేసుకుంటూ.

“ఆకాశంలో భూమి మొత్తానికి గొడుగు పడుతోందమ్మా ఓజోన్. అంత పెద్ద గొడుగు నీ గదికి చీపురు కాలేదా?”

“గొడుగుతో ఇల్లు ఊడుస్తారా ఎవరైనా?” అని ఆ అమ్మాయి మెట్లు దిగిపోయింది. లెక్కల టీచరు కాబట్టి రుజువు అడిగి ఉండేదే. బస్సు రాకపోతే.

ఆ రోజు ముక్కు గారికి హోటల్ వాళ్ల వార్షిక ఆరోగ్య పరీక్ష. ఒంటిగంటకు క్లినిక్కులో ఉండాలి. పన్నెండున్నరకు కూతురి గదిలో పెట్టె ఆన్ చేసి, కిటికీ మూసి, తలుపు కింద గుడ్డ కుక్కి, భార్యకు అధికారాలు అప్పగించాడు.

“ఒకటిన్నరకు అదే ఆగిపోతుంది. ఇరవై నిమిషాలు ఉండి లోపలికి వెళ్లి మూడుసార్లు గట్టిగా పీల్చు. పిడుగు వాసన వస్తే పాస్.”

“రాకపోతే?”

“ఇంకో గంట పెట్టు.”

“నాకు రెండు కోట్లు ఇవ్వాలి సాయంత్రానికి. తీరిక దొరికితే పీలుస్తాను లెండి,” అని ఆవిడ మిషను మోటారు ఆన్ చేసింది.

క్లినిక్కులో బరువు, రక్తం, కళ్లు అన్నీ చూశారు. చివర్న ఒక గదిలో టెక్నీషియన్ అమ్మాయి ఆయన ముక్కుకు ప్లాస్టిక్ క్లిప్పు పెట్టింది. పంతొమ్మిదేళ్ల చరిత్ర గల ముక్కు జీవితంలో మొదటిసారి మూతపడింది. నోట్లో గొట్టం పెట్టించి, “గుండెల నిండా పీల్చి, ఒక్కసారిగా ఊదండి బాబాయ్‌గారూ, ఆపకండి, ఇంకా, ఇంకా, ఇంకా!” అని రేసు గుర్రాన్ని తోలినట్టు తోలింది. మూడుసార్లు ఊదించింది. తెర మీద గీత చూసి నాలుగోసారి కూడా ఊదించింది.

“సిగరెట్లు ఎన్నేళ్లు తాగారు?”

“ఊళ్లో వాళ్లందరి సిగరెట్లూ వాసన చూశానమ్మా. నేను ఒక్కటీ వెలిగించలేదు.”

“మరి ఇదేంటి? మీ వయసుకు వంద ఉండాల్సిన చోట డెబ్బై రెండు ఉంది. లోపల గొట్టాలు ఇరుకైనట్టు కనిపిస్తోంది. దగ్గు ఉందా?”

“ఉండేది. పోగొట్టుకున్నాను,” అని ఆయన సగర్వంగా సిద్ధాంతం చెప్పాడు. పెట్టె, మూడు శ్వాసలు, సోమవారం, గురువారం, టేపు కొలతలు, మానేసిన ఆదివారాలు అన్నీ.

అమ్మాయి రాస్తున్న పెన్ను కింద పెట్టింది.

“బాబాయ్‌గారూ, మీ వాకిట్లో కుక్క ఉందనుకోండి. రోజూ దొంగ వస్తున్నాడు. మొదటి రోజు కుక్క మొరిగింది, రెండో రోజు ఇంకా గట్టిగా మొరిగింది. నాలుగో రోజు మొరగలేదు. అంటే దొంగ రావడం మానేశాడనా?”

“కుక్క అలిసిపోయిందని.”

“అదే మీ దగ్గు. ఓజోన్ పీలిస్తే లోపలి నరాలు ‘చాలు, ఇంక పీల్చకు’ అని ఊపిరిని మధ్యలో పట్టి ఆపేస్తాయి. అందుకే సోమవారం మీ టేపులో అంగుళం తగ్గింది. రోజూ పీలిస్తే ఆ నరాలు మొరగడం మానేస్తాయి, టేపు మళ్లీ సరిగ్గా చూపిస్తుంది. లోపలి పొర మాత్రం ఎండకు కమిలిన చర్మంలా వాచి అలాగే ఉంటుంది. మీరు ఆదివారాలు కూడా మానేసి ఆ వాపుకు తగ్గే వ్యవధి ఇవ్వలేదు.”

“అయితే పైన గొడుగు పట్టేది…”

“పైన ఉంటే గొడుగే. ముక్కులోకి వస్తే కాదు. మీలాంటి గట్టివాళ్లకే ఇలా ఉంది. ఉబ్బసం ఉన్నవాళ్లయితే ఆ గది గుమ్మం కూడా తొక్కకూడదు. అప్పటికప్పుడు తేరుకున్నట్టు కనిపించినా, వాపు మర్నాటికి బయటపడచ్చు.”

ముక్కు గారు గోడ గడియారం చూశాడు. ఒకటీ నలభై. పెట్టె ఆగి పది నిమిషాలైంది. శనివారం ఒంటిపూట బడి. కూతురు ఈపాటికి వీధి మలుపు తిరుగుతూ ఉంటుంది. పై ప్రాణాలు పైనే పోయాయి.

క్లిప్పు ముక్కుకే ఉండగా ఫోన్ తీశాడు. భార్య ఎత్తలేదు. ఎలా ఎత్తుతుంది? మోటారు మిషను మీద కోటు కుడుతున్న మనిషికి పక్కన పిడుగు పడ్డా వినపడదు. కూతురి ఫోన్ బడి నియమం ప్రకారం ఆపేసి ఉంది. ఆ అమ్మాయి నియమాలు పాటించే రకం. ఇంట్లో ఆ ఒక్కతే.

“అమ్మాయి… ఉబ్బసం… ఆ గదిలో…” అన్నాడు.

టెక్నీషియన్ అమ్మాయి క్లిప్పు లాగేసి, చీటీ మీద తన ఫోన్ నంబరు రాసి చేతిలో కుక్కింది. “ఇన్‌హేలర్ పీల్చమనండి. కిటికీలున్న గదిలో కూర్చోబెట్టండి. ఒక్కో మాటకూ ఆగిపోతున్నా, ఊదితే మామూలు అంకెలో సగానికి పడిపోయినా, నాకు చెప్పడం తర్వాత, ముందు ఆసుపత్రికి పదండి. వెళ్లండి!”

బస్సు నాలుగు స్టాపులు. ప్రతి స్టాపులోనూ ఎవరో ఒకరు చిల్లర వెతుక్కున్నారు. ముక్కు గారు నిలబడే ఫోన్ మోగిస్తూనే ఉన్నాడు. కళ్ల ముందు కూతురు తలుపు తీసి, తండ్రిలాగే గుమ్మం దాటి, తండ్రిలాగే తలుపు వేసుకుని… మొదటిది పరదాలకు. ఆయన కళ్లు మూసుకున్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత చిన్నప్పటి నుంచి విన్నాడు. ఆ మందు వేసే వైద్యుడు తనేనని ఎవరూ చెప్పలేదు.

బస్సు దిగి పరుగెత్తాడు. పరుగంటే కాళ్ల వరకే. మొదటి అంతస్తు దాకా పరుగులాగే ఉంది. రెండో అంతస్తు మలుపులో ఊపిరి ఎప్పటిలాగే చేతులెత్తేసింది. మెట్ల రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. పైనుంచి దగ్గు వినబడింది.

ఆ దగ్గు ఆయనకు తెలుసు. ఇరవై ఏళ్లుగా గోడ అవతల నుంచి వింటున్న దగ్గు. పది మెట్లు, మలుపు, పది మెట్లు. అంతే దూరం. కాలు పైకి లేస్తుంది, గాలి లోపలికి దిగదు. “అమ్మా” అని పిలవబోతే గొంతులోంచి ఈల లాంటిది వచ్చింది. చెప్పులు విడిచేసి, రెయిలింగు పట్టుకుని ఒంటిని పైకి లాక్కుంటూ, ఒక్కో మెట్టు ఎక్కాడు.

కూతురు ఇంటి గుమ్మం బయట పై మెట్టు మీద కూర్చుని ఉంది. చేతిలో ఇన్‌హేలర్. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. పక్కన తల్లి, మెడలో టేపు, చేతిలో సగం కుట్టిన కోటుతో విసురుతోంది.

“ఏంటా దరిద్రప్పెట్టె!” అని ఆవిడ ఒంటికాలి మీద లేచింది. “నేను తీరిక దొరికితే పీలుద్దామనుకున్నా. నాకంటే ముందు ఇదొచ్చి, ‘నాన్న చెప్పినట్టు నేను చూస్తాలే’ అని దూరింది! రెండోసారి పీల్చేసరికే దగ్గు. నేనే లాక్కొచ్చా.”

“తలుపు…”

“వేసేశా. కిటికీలు కూడా తీసొచ్చా, ఊపిరి బిగబట్టి. ఇంతకీ మీరెందుకు అలా అయిపోయారు? కూర్చోండి ముందు!”

“నాన్నా,” అంది కూతురు, “రెండో శ్వాస… తివాచీకి కదా… మనింట్లో తివాచీ లేదు.”

మాట మధ్యలో రెండుసార్లు ఆగింది. ముక్కు గారు లెక్కపెట్టాడు. గొట్టం తెప్పించి ఊదించాడు. రెండువందల నలభై. సగం అంటే నూట తొంభై. ఆసుపత్రికీ మెట్టుకీ మధ్య యాభై మిగిలింది. తల్లి చెప్పులు వేసుకుని తాళంచెవి చేతిలో పట్టుకుంది. మరో రెండుసార్లు ఇన్‌హేలర్ పీల్పించి, క్లినిక్ అమ్మాయికి ఫోన్ చేస్తే, “ఇరవై నిమిషాలాగి మళ్లీ ఊదించండి, ఒక్క అంకె తగ్గినా బయల్దేరండి” అంది.

ఇరవై నిమిషాలు. హోటల్లో సరిగ్గా అంతసేపే ఆగేవాడు ఆయన. అది ఇంత పొడవుంటుందని తెలియదు. ముగ్గురూ మెట్ల మీద ఒకరి కింద ఒకరు కూర్చున్నారు. పై అంతస్తు ఆవిడ కూరగాయల సంచీతో వచ్చి, “ఏంటి, తాళం పోయిందా?” అని అడుగుతూ తప్పుకుని పైకి వెళ్లింది.

రెండువందల తొంభై.

మరో గంటకు మూడువందల ఇరవై. కూతురు భుజాలు కిందికి దిగాయి. తల్లి చెప్పులు విప్పింది.

“మీరూ ఊదండి,” అంది గొట్టం భర్తకు ఇస్తూ. ఆయన ఊదాడు. ముల్లు చూసి ఆవిడ కొలతల పుస్తకం తెరిచి రాసుకుంది.

ఆదివారం ముక్కు గారు పదకొండు వారాల తర్వాత ఇంట్లో ఉన్నాడు. విశ్రాంతి మాత్రం తీసుకోలేదు. క్లినిక్ అమ్మాయి చెప్పిన ‘మర్నాడు’ అదే. పొద్దున కూతురు ఊదితే మూడువందలు. నిన్నటికంటే ఇరవై తక్కువ. డాక్టరు చూసి మందు మోతాదు పెంచాడు. ఆ తర్వాత ముక్కు గారు గంటగంటకూ గొట్టం పట్టుకుని కూతురి వెనకాల తిరిగితే, “నాన్నా, ఇన్నిసార్లు ఊదితే ఊదడం వల్లే ఆయాసం వచ్చేట్టుంది” అని విసుక్కుంది. మాట ఎక్కడా ఆగలేదు. ఆ విసుగుకు ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఆమె గది గోడ పగలగొట్టి చూస్తే చెమ్మంతా ఒక పాత పైపు అతుకు దగ్గర. ప్లంబరు అరగంటలో సరిచేశాడు.

సోమవారం పొద్దున మూడువందల నలభై. ఆ నలభై తక్కువను జేబులో పెట్టుకుని ఆయన పెట్టెతో పాటు హోటల్‌కు వెళ్లాడు.

రెండువందల పదకొండో గదిలో పొగ కంపు. పెట్టె గంట నడిచి ఆగింది. ఇరవై నిమిషాలకు రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసింది. “ముక్కు గారూ, పాసా?”

“కాలేదమ్మా.”

“వాసన పోలేదా?”

“చూడలేదు.”

కాసేపటికి మేనేజరే పైకొచ్చాడు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్న ఆదర్శ ఉద్యోగిని చూసి నోరు తెరిచాడు. “ఏంటండీ ఇది? కింద అతిథి గోల చేస్తున్నాడు. లోపలికెళ్లి పీల్చి చెప్పండి!”

“రెండు గంటలు ఆగాలి సార్.”

“ఎవరన్నారు?”

ముక్కు గారు ఆ గదిలోంచి పెట్టెను తేలేదు. రెండు గంటల లోపు ఎవరూ వెళ్లకూడదు కదా. స్టోర్సులో ఉన్న రెండో పెట్టెను ముందే తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు. దాని మీద కూడా ‘హోటల్ ఆస్తి, నంబరు 42’. గోరుతో అంచు లేపి ఆ స్టిక్కరును మెల్లగా పీకుతున్నాడు. సగం వాక్యం బయటపడింది.

“పంతొమ్మిదేళ్ల నమ్మకం అండీ మీ ముక్కు మీద. ఆ పని చేయనంటే మరి మీరెందుకు ఇక్కడ?” అన్నాడు మేనేజరు.

ముక్కు గారు కూడా రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాడు. కుర్చీలోంచి మాత్రం లేవలేదు. మేనేజరు వంగి ఆ సగం వాక్యం చదివాడు. మళ్లీ చదివాడు. ఆ తర్వాత అతిథికి ఏదో ఒకటి చెప్పడానికి మెట్లు దిగాడు, లిఫ్టు ఎక్కకుండా. లిఫ్టు పక్కన ఫొటో ఉంది కదా.

బడి విరామం వేళకు ఫోన్ మోగింది. కూతురు.

“మూడువందల యాభై అయిదు నాన్నా. ఇంక గంటగంటకూ బడి ఆఫీసుకు ఫోన్ చేయకు, పిల్లలు నవ్వుతున్నారు.”

“సరేనమ్మా. మధ్యాహ్నం ఎంతో చెప్పు.”

ఫోన్ పెట్టి గడియారం చూశాడు. రెండు గంటలు నిండడానికి ఇంకా యాభై నిమిషాలుంది. స్టిక్కరు మిగతా సగం పీకడం మొదలుపెట్టాడు.